‘కూర్చోరాదు’ అంటే కూసోమన్నట్టా, వద్దన్నట్టా?

సందేహం: అయ్యా, నమస్తే. మాది నల్లగొండ. మా దగ్గర ఒక పార్కు గేటుకు కొత్తగ పెద్ద బోర్డు పెట్టిండ్రు. కొన్ని లైన్లు ఉన్నదున్నట్టు రాస్తున్న: ‘గడ్డిపై కూర్చోరాదు’, ‘బయటి తినుబండారములు లోనికి తీసుకురాదు’, ‘పెద్దలు ఊయల ఊగరాదు’, ‘బిగ్గరగా నవ్వరాదు’, ‘జంటలకు ప్రవేశం నిషేదించబడినది’, ‘దయచేసి నిశబ్దం పాటించవలెను, అతిక్రమించిన వారు శిక్షార్హులు’. మా అమ్మది దేవరకొండ దిక్కు పల్లె. మా బాబు మొదటి లైను గట్టిగ చదివితే ‘కూసోరాదు అంటున్నరు గద, కూసుందాం పా’ అని గడ్డిల కూసున్నది, వాచ్‌మన్ వచ్చి లేపిండు. నా డౌట్లు ఏందంటే, రాదు, కూడదు, వద్దు మూడూ ఒకటేనా? బోర్డు మీద ఏది రాయాలె? ‘నిషేధించబడినది’ అసలు తెలుగేనా? ఇంత కటువుగ కాకుండ రాసే దారి లేదా?

సమాధానం: మీ అమ్మగారు చదివింది మన దిక్కు తెలుగు, వాచ్‌మన్ చదివింది ఆఫీసు తెలుగు. రెండూ తప్పు కావు, అదే తిప్పలు.

నల్లగొండ నుంచి పాలమూరు దాక ఏ ఊరికి పోయినా ‘రాదు’ అనే మాటతోనే మనుషులను పిలుస్తరు. ‘ఇంట్లకు రారాదు వదినా’, ‘రెండు బుక్కలు తినిపోరాదు’, ‘ఫోన్ చేసి అడగరాదు మరి’, ‘గంటసేపటి సంది నిలబడ్డవు, కూసోరాదు’. వీటిల్ల ఒక్కదాంట్ల కూడ వద్దనుడు లేదు, బతిమాలుడే ఉన్నది. అట్లాంటి మాటలు విని పెరిగిన మనిషికి ‘గడ్డిపై కూర్చోరాదు’ అని చదివి వినిపిస్తే, మున్సిపాలిటోళ్ళు ఎంత మర్యాదగ పిలుస్తున్నరో అనుకుంటది, ఇంకేమనుకుంటది?

వ్యాకరణం దిక్కు నుంచి చూస్తే ‘రాదు’ అనేది ‘వచ్చు’కు ఎదురు రూపం. చేయవచ్చు అంటే పర్మిషన్ ఉన్నట్టు, చేయరాదు అంటే లేనట్టు, ఇది పుస్తకాల నుంచి బోర్డుల దాక నడిచిన వాడుక, దీంట్ల తప్పు పట్టేదేం లేదు. అదే రూపాన్ని ఎదుటి మనిషిని అడుగుతున్నట్టు ‘కూసోరాదా?’ అంటే ‘కూసుంటే ఏం పాయె’ అని అర్థం, ఆ అడుగుడే నాలుకల మీద అరిగి అరిగి ‘కూసోరాదు’ అయిందని నేననుకుంట. కోస్తా దిక్కు కూడ ‘చెప్పరాదూ’, ‘వెళ్ళరాదూ’ అని ఉన్నది గని వాళ్ళు చివర సాగదీస్తరు, ఆ సాగదీతతోని పిలుపని తెలుస్తది. మనం అంత సాగదీయం, గొంతు తీరును బట్టి, ముఖం చూసి అర్థం చేసుకుంటం. రేకు మీద రాసిన అక్షరాలకు గొంతు యాడికెల్లి వస్తది?

కాబట్టి మన జిల్లాలల్ల బోర్డు రాసేటోళ్ళు రా, కూర్చో, తిను, తాగు లాంటి రోజువారీ క్రియలకు ‘రాదు’ తగిలియ్యకుంటే మంచిది. ‘ఉమ్మరాదు’కు మాత్రం భయం లేదు, ఎందుకంటే రాండ్రి ఉమ్మండ్రి అని ఎవరూ ఎవరినీ పిలవరు.

మీరు అడగలేదు గని మీ రెండో లైను చూసి నాకు నవ్వాగలే. ‘తీసుకురా’కు ‘రాదు’ కలిపితే ‘తీసుకురారాదు’ కావాలె. రెండు ‘రా’లు పక్కపక్కన పడేసరికి ఒకటి ఎక్కువ పడ్డదేమో అని పెయింటరో టైపు చేసినాయనో కొట్టేస్తడు, మిగిలేది ‘తీసుకురాదు’. అంటే ఏదో బండి ఉన్నది, అది తిండి లోపలికి తెస్తలేదు అని ఫిర్యాదు చేసినట్టున్నది ఆ వాక్యం. ‘బయటి తిండి తేవద్దు’ అంటే ఈ లొల్లే ఉండదు.

ఇగ ‘కూడదు’. కూడు అంటే పొసగు, కుదురు అని పాత అర్థం, కూడదు అంటే పొసగదు అని. అందుకే ఆచారం చెప్పేటప్పుడు పెద్దోళ్ళ నోట ఇదే వస్తది, పొద్దుగూకినంక ఇల్లు ఊడ్వగూడదు, శుక్రవారం పూట పైసలియ్యగూడదు. ఎవరు ఆపిండ్రు అంటే ఒక్క మనిషిని చూపియ్యలేం, లోకం తీరు అది. ‘వద్దు’ అట్ల కాదు. అది పాత ‘వలదు’, మీ బోర్డు మీదున్న ‘పాటించవలెను’ల ‘వలెను’కు ఎదురు మాట, అక్కర లేదు అనే అర్థం నుంచి బయల్దేరింది, ఇప్పుడు మాత్రం ఒక మనిషి ఇంకో మనిషి ముఖం చూసి చెప్పే మాట, ‘ఎండల తిరగొద్దు బిడ్డా’. చెప్పేటోళ్ళు ఎదురుంగ ఉంటరు గాబట్టి ఎందుకొద్దు అని అడగొచ్చు కూడ. మీ మొదటి ప్రశ్నకు జవాబు ఇది, మూడూ సరైనయే గని మూడిట్ల మాట్లాడే మనిషి ఒకడు కాదు. పార్కుకు వచ్చేది ఊరి జనం, వాళ్ళతోని ‘వద్దు’ అని మాట్లాడితే చాలు, నా ఓటు దానికే. ‘వద్దు’ అంటే చిన్నతనం, ‘రాదు’ అంటేనే అధికారం ఉంటది అనే భ్రమ ఒకటి ఆఫీసులల్ల ఉన్నది, అది పోవాలె.

‘నిషేధించబడినది’ల ఆ మాట్లాడే మనిషి పూర్తిగ మాయమైతడు. ఎవరు నిషేధించిండ్రు? ఎప్పుడు? వాక్యం చెప్పదు. ‘పడు’ అనే క్రియ కలిసి ‘బడు’ అయి వచ్చే మాటలు మనకు లేక కాదు, కనబడు, వినబడు, పట్టుబడు అన్నీ మనయే. కని ‘నాకు మా అమ్మ చేత అన్నం పెట్టబడింది’ అని ఎవరన్న అంటరా? ఇంట్ల అననిది గేటు మీద ఎందుకు రాస్తం అంటే, ఇంగ్లీషు ఆర్డరును ముక్కకు ముక్క తెలుగు చేసే అలవాటు వల్ల. నిజాం కాలంల ఇక్కడ సర్కారు భాష ఉర్దూ, ‘అటు పోవుడు మనా’ (అంటే వద్దు), ‘జుర్మానా పడ్తది’ (అంటే జరిమానా) అనే మాటలు మన పల్లెలల్ల ఇప్పటికీ వినబడ్తయి, వాటిల్ల కూడ కటువు ఉన్నది గని కనీసం పొట్టిగ ఉన్నయి, అందరికీ అర్థమైనయి. 1966ల అధికార భాషా చట్టం వచ్చి తెలుగుకు కుర్చీ దొరికినంక ఈ ‘బడినది’లు బోర్డులకెక్కినయి. తెలుగేనా అంటే అక్షరాలు తెలుగే, నడక కాదు. రాయక తప్పదంటే ‘నిషేధం’ అని ఆపేయండ్రి, లేకుంటే ‘నిషిద్ధం’, రెండిట్లనూ కింద వత్తున్న ‘ధ’ ఉండాలె, మీ బోర్డు మీద ‘ద’ పడ్డది. అట్లనే ‘నిశబ్దం’ కాదు, ‘నిశ్శబ్దం’. నిః, శబ్దం కలిస్తే విసర్గ పోయి ‘శ’ రెట్టింపైతది.

కటువు సంగతికొస్తే, ఇది కొత్తది కాదు లెండి. పాత దానశాసనాలు చూడండ్రి, చివర్ల తిట్లుంటయి, ఈ భూమిని కాజేసినోడు అరవై వేల ఏండ్లు పెంటల పురుగై పుడతడని, గంగ ఒడ్డున ఆవును చంపిన పాపం తగులుతదని. మీ ‘శిక్షార్హులు’ దీని ముంగట ఏపాటిది. అయినా ఆ శాసనంల ఇచ్చింది ఎవరు, ఏ చెరువు కింద ఎంత మడి, దేనికోసం ఇచ్చిండ్రు అన్నీ చెప్పినంకనే తిట్టుంటది. మన బోర్డుల మీద తిట్టొక్కటే మిగిలింది.

పాలమూరు పిల్లలమర్రిని చూడండ్రి. మూడెకరాల దాక పరుచుకున్న చెట్టు, ఏడు వందల ఏండ్లదని అంటరు. జనం కొమ్మల మీదెక్కి ఊగినరు, పేర్లు చెక్కినరు, ఇంకోదిక్కు చెదలు తిన్నది, 2017 చివర్ల ఒక పెద్ద కొమ్మ విరిగిపడితే లోపలికి పోనిచ్చుడు ఆపిండ్రు, 2018ల సెలైన్ సీసాలు కట్టి చుక్క చుక్క చెదల మందు ఎక్కించిండ్రు. అక్కడ ‘కొమ్మలు ముట్టొద్దు, చెట్టుకు చెదలు పట్టి మందు ఎక్కిస్తున్నం’ అని రాస్తే, చదివిన పిల్లగాడు పక్కోన్ని కూడ ముట్టనియ్యడు. అదే ‘చెట్టును తాకరాదు’ అని ఒక్కటే రాస్తే, తాకితే ఏమైతదో చూద్దాం అనిపిస్తది, మనిషి బుద్ధి అంతే. కటువు రాదుల ఉన్నదా, కూడదుల ఉన్నదా అని మనం కొట్లాడుకుంటున్నం గని అసలు కటువు కారణం మింగేసిన కాడ ఉన్నది.

కారణం చెప్పే జాగ లేకుంటే వాక్యాన్ని తిప్పొచ్చు. మన ఆర్టీసీ బస్సులల్ల ఏండ్ల సంది చదువుతున్నదే, స్త్రీలను గౌరవించడం మన సంప్రదాయం, స్త్రీలకు కేటాయించిన సీట్లలో వారినే కూర్చోనిద్దాం అని. ‘పురుషులు కూర్చొనరాదు’ అని రాయొచ్చు, రాయలే. ‘కూర్చోనిద్దాం’ల రాసినాయన కూడ మనతోని బస్సుల ఉన్నడు. వినేటోళ్ళు వింటరా లేదా అనేది వేరే ముచ్చట, వాక్యం మాత్రం నాకు ఎప్పుడూ ముద్దే.

‘దయచేసి’తోని మొదలుపెట్టి ‘శిక్షార్హులు’తోని ముగించుడు మాత్రం నాకు నచ్చదు, కాళ్ళు పట్టుకుంటనే కాలర్ పట్టుకున్నట్టు. శిక్ష అనే మాట వాడాలంటే వెనక చట్టం ఉండాలె. పొగ తాగొద్దనే బోర్డుకు ఉన్నది, 2003 చట్టం, దాని కింద 2008 అక్టోబరు 2 నుంచి అమలైన రూల్స్, 200 రూపాయల దాక జరిమానా, బోర్డు 60 సెంటీమీటర్లకు 30 కంటే చిన్నగ ఉండొద్దనే కొలత కూడ. అందుకే దవాఖానల గోడ మీద ‘ఇక్కడ పొగ తాగడం నేరం’ అని ఉంటే ఆ ‘నేరం’ అనే మాట సరైన కాడ పడ్డట్టు. నవ్వితే ఏ సెక్షన్ కింద శిక్ష? బెదిరియ్యడానికి రాసిన ఉత్తుత్తి మాటలు నాలుగు చదివినంక, నిజంగ చట్టం ఉన్న అయిదో మాటను కూడ జనం లెక్కపెట్టరు.

మీరు రాసే దారి లేదా అన్నరు గద, నాకు తోచినట్టు మీ బోర్డు మళ్ళ రాసి చూసిన. ‘కొత్త గడ్డి పెరుగుతున్నది, బెంచీల మీద కూర్చోండ్రి’. ‘బయటి తిండి తేవద్దు, మిగిలింది పారేస్తే కోతులు, కుక్కలు వస్తున్నయి’, మీ దగ్గర కోతులు లేకుంటే అసలు కారణమేందో కనుక్కొని రాయండ్రి. ‘ఊయలలు చిన్నపిల్లలకే, పెద్దల బరువు ఆగవు’. నిశ్శబ్దం లైను తీసేసిన, పార్కుల నిశ్శబ్దమేంది, అది లైబ్రరీ బోర్డు తప్పిపోయి అక్కడికి వచ్చినట్టున్నది. నవ్వుడు లైను కూడ దాంతోనే పోయింది.

జంటల లైను కాడ ఆగిపోయిన. ‘జంటలు రావద్దు, ఎందుకంటే’ అని మొదలుపెట్టిన గని, ఎందుకంటే తర్వాత రాసెటందుకు ఏం దొరకలే. ముప్పై ఏండ్ల కింద పెండ్లయిన భార్యాభర్తలు కూడ జంటనే గద, ఆళ్ళు కూడ గేటు కాడనే నిలబడాల్నా? మీరు మున్సిపాలిటీల అర్జీ పెట్టేటట్టయితే ఆ ఒక్క లైనుకు కారణం అడగండ్రి, వాళ్ళు చెప్పినంక తెలుగు నేను రాసిస్త.