దివ్యాంగ పిల్లలకు బొమ్మలు, పాటలతో పాఠం చెప్పడం టీచర్లకు ఎలా నేర్పించాలి?

మీ మండలంలో మామూలు బడుల టీచర్లకు రెండు రోజుల శిక్షణ ఇవ్వాలి, ఏం చేయించాలో చెప్పమని అడిగారు. నేను భవిత కేంద్రంలో, అంటే దివ్యాంగ పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రంలో, రిసోర్స్ టీచర్ని. ఇలాంటి శిక్షణలు చాలా ఇచ్చాను కాబట్టి చూసింది చూసినట్టు రాస్తున్నాను.

చాలా బడుల్లో క్లాసంతా లెక్కలు చేస్తుంటే దివ్యాంగురాలైన ఒక్క పిల్లకి మాత్రం రంగుపెన్సిళ్లు చేతికిచ్చి వెనక బెంచీలో బొమ్మ వేసుకోమంటారు. పైగా దాన్నే కళల ద్వారా బోధన అని రికార్డులో రాస్తారు. అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. అందరికీ చెప్పే లెక్కే ఆ పిల్లకీ అందాలి, కళ కావాల్సింది అందుకే. మీ శిక్షణ అంతా దీని చుట్టూ నడిపించండి.

2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల మీద స్లైడ్లతో పూట గడపొద్దు. ఆ జాబితా కాగితం మీద ఇస్తే ఇంటికెళ్లి చదువుకుంటారు. టీచర్లను మాత్రం వచ్చే వారం చెప్పబోయే పాఠం పట్టుకుని రమ్మనండి.

నేనైతే ముగ్గుతో మొదలుపెడతాను. అట్ట మీద చుక్కలకు బదులు చింతపిక్కలు ఫెవికాల్‌తో అంటించాలి. 7 నుంచి 4 దాకా సందు చుక్కలు: మధ్య వరుసలో 7, అటూ ఇటూ 6, 5, 4. ముందురోజు అంటించి ఆరబెట్టకపోతే తడిమేటప్పుడు ఊడి వస్తాయి. చూపులేని పిల్ల వేళ్లతో ఒక్కో వరుస లెక్కపెట్టుకుంటూ పోతుంది, పిక్కల చుట్టూ ఊలుదారం తిప్పుతుంది. పక్కనున్న చూపున్న పిల్లకీ అదే అట్ట ఇవ్వాలి. ముగ్గు అందంగా వచ్చిందా అని అడగడం మనకు అలవాటు. దాని బదులు తర్వాతి వరుసలో ఎన్ని ఉంటాయి, ఎలా తెలిసింది, మొత్తం 37 ఎలా వచ్చాయి అని అడగడం టీచర్లకు అలవాటు చేయించండి. వాళ్ల చేత అట్ట చేయించి, అది తమ పుస్తకంలో ఏ పాఠానికి పనికొస్తుందో వాళ్లనే చెప్పమనండి.

రెండో రోజు పిల్లలు ఉండాలి. తల్లిదండ్రుల అనుమతి తీసుకుని, తోటి పిల్లలతో కలిపి పిలవండి, ఒంటరిగా ముందు నిలబెట్టొద్దు. అప్పుడే చిన్న చిన్న సర్దుబాట్లు టీచర్లకు కళ్లకు కడతాయి. సెరిబ్రల్ పాల్సీ (మెదడులో లోపం వల్ల కండరాల మీద అదుపు తగ్గే స్థితి) ఉన్న బాబుకి క్రేయాన్ చుట్టూ సైకిల్ ట్యూబు ముక్క చుట్టి లావు చేస్తే పట్టు దొరుకుతుంది, కాగితాన్ని బల్లకి టేపుతో అంటిస్తే జారదు. తడి మట్టి ముట్టుకోవడం కొందరు ఆటిజం పిల్లలకు ససేమిరా పడదు. మట్టిని పాలిథిన్ కవర్లో పెట్టి పైనుంచి నొక్కమంటే చాలామంది నొక్కుతారు. అప్పటికీ వద్దంటే వదిలేయాలి. డప్పు మోత భరించలేని పిల్లలుంటే ముందే చెప్పి, కాస్త దూరంగా కూర్చోనివ్వాలి. వినికిడి లేని పిల్లకి ఊదిన బెలూన్ రెండు చేతులతో పట్టుకోమంటే డప్పు దెబ్బ అరచేతులకు తెలుస్తుంది. కోలాటంలో ఎదుటివాళ్ల కర్రలు చూస్తూ లయ అందుకుంటుంది.

నాటకం మాత్రం రెండు రోజుల్లో ఇరికించకండి, దానికి విడిగా సమయం కావాలి.

శిక్షణ అయ్యాక వచ్చే కాంప్లెక్స్ మీటింగ్‌కి (చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే సమావేశానికి) ప్రతి టీచరూ ఒక పిల్ల చేసిన పని తీసుకురావాలని ఇప్పుడే చెప్పేయండి. దాని వెనక మూడు విషయాలు రాయిస్తే చాలు: ఏ పాఠం, ఏం మార్చారు, ఆ పిల్ల ఏం చెప్పగలిగింది.