లేపే ముందు పక్క చూడు అల్లుడూ

అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

పాల కేంద్రం డబ్బుతో పడిపోయిన పశువులను లేపే సామాను కొంటున్నామన్నావు. చాలా సంతోషం వేసింది. ముప్పై ఏళ్ళు పశువుల ఆసుపత్రిలో కాంపౌండర్‌గా చేసినవాణ్ణి, ఫోన్‌లో అన్నీ చెప్పలేక రాస్తున్నాను.

ముందు బెల్టులు కొనండి. తుంటి ఎముకలకు బిగించే ఇనప క్లాంపు ఒక్క మనిషితో పనైపోతుందని అందరి చెయ్యీ దానిమీదకే పోతుంది. కానీ తొడుగు లేకుండా బిగిస్తే తోలు, కండ నలిగిపోతాయి. ముందుకాళ్ళ మీద పశువు బరువు ఆనుకోగలిగితేనే, అదీ కాసేపే దాన్ని వాడాలి. బెల్టు జానెడు వెడల్పు ఉండాలి. ఒకటి ముందుకాళ్ళ వెనక, రెండోది పొదుగుకు ముందు. రెండూ జారిపోకుండా రొమ్ము ముందు, పిరుదుల వెనక పట్టీలు వేయించండి. మంచి గేదె ఐదారు వందల కిలోలు తూగుతుంది కనుక రెండు టన్నులు ఎత్తే చైన్ బ్లాక్ (గొలుసు కప్పీ), మూడు కాళ్ళ ఇనప స్టాండు తీసుకోండి. సాల దూలానికి మాత్రం వేలాడదీయొద్దు.

తాళ్ళు కట్టి మాత్రం ఎప్పుడూ లాగొద్దు. ఎందుకంటే, ఒకసారి కాలవలో జారిపడిన చూడి గేదెను కొబ్బరి మోకులు కట్టి ట్రాక్టరుతో లాగించాను. తొందరపెట్టింది నేనే. మోకు జారి పొదుగు మీదకొచ్చింది. గేదె గట్టెక్కింది గాని, తెల్లారేసరికి పొదుగు నల్లగా కమిలిపోయింది. మళ్ళీ లేవలేదు. ఆ మోకు గీత ఇప్పటికీ కళ్ళముందే ఉంది.

సామాను కన్నా ముఖ్యం, పశువు కింద వేసే పక్క. సిమెంటు గచ్చు మీద ఒకే పక్కన ఐదారు గంటలు పడుంటే, దాని బరువుకే కింది కాలు కండ, నరం చచ్చుబడతాయి. జానెడు మందాన ఇసక పోసి, పైన గడ్డి పరవండి. గడ్డి కూరిన గోనె సంచులు రెండు పక్కలా ఆనించి రొమ్ము మీద కూర్చోబెట్టండి, లేకపోతే కడుపు ఉబ్బుతుంది. మూడు నాలుగు గంటలకోసారి పశువును రెండో వైపుకు తిప్పాలి, రాత్రి కూడా.

ఈనిన మర్నాడో మూడోనాడో కూలబడి, చెవులు చల్లబడి, మెడ డొక్కకేసి తిప్పుకుని పడుకుందా, అది ఒంట్లో కాల్షియం తగ్గి వచ్చే పాల జ్వరం. బెల్టు ముట్టుకోవద్దు, డాక్టరును పిలవండి. కాల్షియం నరానికి నెమ్మదిగా, గుండె చూసుకుంటూ ఎక్కించాలి, మీరెవరూ ఆ పని చెయ్యకండి. ఎక్కించాక చాలా పశువులు త్రేన్చి, పేడ వేసి, వాటంతటవే లేస్తాయి. 1962కి ఫోన్ చేస్తే వచ్చే పశువుల అంబులెన్సు బండికి ఎత్తే లిఫ్టు ఉంటుంది. గరివిడి వెటర్నరీ కాలేజీ మీకు దగ్గరే.

బెల్టుతో లేపాక గిట్టలు చూడండి. నేలకు ఆనితే కాసేపు నిలబెట్టి, తొడలు గట్టిగా రుద్దండి. కాళ్ళు ఆనించకుండా బెల్టులోనే వేలాడుతుంటే ఊపిరాడదు, వెంటనే దించేయండి. సాయంత్రం మళ్ళీ చూద్దురు గాని.

బెల్టులు కుట్టించే ముందు కబురు చెయ్యి, కొలతలకు నేనే వస్తాను.

మీ మావయ్య