టాక్స్ సందేహాలు: నాన్నగారి ఐఆర్ఏ డబ్బు ట్రస్టుకి వచ్చింది, రిటర్న్‌లో ఎక్కడ చూపించాలి?

ప్రశ్న: నమస్కారమండి. మేం టెక్సాస్, ఫ్రిస్కోలో ఉంటాం. మా నాన్నగారు గుంటూరు మెడికల్ కాలేజీలో చదువుకుని 1979లో అమెరికా వచ్చారు, 2024 అక్టోబర్‌లో పోయారు, అప్పటికి 74 ఏళ్ళు. అమ్మ అంతకు రెండేళ్ళ ముందే పోయింది. నాన్నగారు తన ఐఆర్ఏకి (రిటైర్మెంట్ కోసం దాచుకునే ఖాతా) బెనిఫిషరీగా, అంటే తన తర్వాత ఆ డబ్బు అందుకునేదిగా, ఫ్యామిలీ ట్రస్టు పేరు రాశారు. ట్రస్టీని నేను, బెనిఫిషరీలం నేనూ మా చెల్లీ. 2025లో అందులోంచి 40,000 డాలర్లు తీశాం, 4,000 ఫెడరల్ టాక్స్ కింద పట్టుకుని 36,000 ట్రస్టు అకౌంట్లో వేశారు. ఇప్పుడు ట్రస్టు పేరు మీద 1099-ఆర్, అంటే ఐఆర్ఏలోంచి ఎంత తీశామో చెప్పే ఫారం, వచ్చింది. ట్రస్టు టాక్స్ రిటర్న్, ఫారం 1041, తీసి చూస్తే ఐఆర్ఏకి గానీ పెన్షన్‌కి గానీ అసలు లైనే లేదు. తెలిసిన ప్రిపేరర్ ఒకాయన "మీ పర్సనల్ 1040లో వేసేయండి సార్, అయిపోతుంది" అన్నారు. నాకెందుకో భయంగా ఉంది. డబ్బు ఇంకా ట్రస్టు అకౌంట్లోనే ఉంది, చెల్లికి రూపాయి ఇవ్వలేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మానాన్నల్ని రెండేళ్ళ తేడాలో పోగొట్టుకుని, ఆ బాధలోనే ఈ కాగితాలన్నీ మీరొక్కరే మోస్తున్నారు, కాబట్టి మొదట గట్టిగా చెప్పాల్సింది ఒకటే, మీ భయం సరైన భయం, ఆయన చెప్పినట్టు చేయకండి. ఆ 1099-ఆర్ మీద ఉన్నది మీ సోషల్ సెక్యూరిటీ నంబర్ కాదు, ట్రస్టు ఈఐఎన్, అంటే ట్రస్టుకిచ్చిన టాక్స్ నంబర్. ఐఆర్ఎస్ (అమెరికా టాక్స్ శాఖ) కంప్యూటర్ ఆ ఈఐఎన్ పేరు మీద 1041 ఎక్కడుందా అని వెతుకుతుంది, దొరక్కపోతే నోటీసు పంపుతుంది, ఈలోపు మీ చెల్లి వాటా టాక్స్ కూడా మీరే కట్టేసి కూర్చుంటారు.

ఇక లైన్ సంగతి. 1040లో 4ఎ, 4బి అని ఐఆర్ఏకి వేరే గడులున్నాయి గానీ 1041లో లేవు, మీరు చూసింది నిజమే. ట్రస్టుకి వచ్చిన ఐఆర్ఏ డబ్బు లైన్ 8, అదర్ ఇన్‌కమ్‌లో వేయాలి, పక్కన ఇది ఫలానా ఐఆర్ఏ డిస్ట్రిబ్యూషన్ అని చిన్న స్టేట్‌మెంట్ జత చేయాలి. అక్కడ వేయాల్సింది 36,000 కాదు, 40,000. చాలామంది బ్యాంకు స్టేట్‌మెంట్ చూసి చేతికొచ్చిన అంకె వేసేస్తారు, అది తప్పు. మీ 1099-ఆర్ ఒకసారి చేతిలోకి తీసుకోండి, బాక్స్ 1లో మొత్తం, 2ఎలో టాక్సబుల్ అమౌంట్, బాక్స్ 4లో పట్టుకున్న 4,000, కింద బాక్స్ 7లో చిన్నగా "4" అని ఉండాలి, ఆ 4 అంటే మరణం వల్ల ఇచ్చిన డబ్బు అని. అది కాకుండా ఇంకో కోడ్ ఉన్నా, నాన్నగారి నంబర్ మీద వచ్చినా ఐఆర్ఏ కంపెనీకి ఫోన్ చేసి కరెక్టెడ్ కాపీ అడగండి. ఇంకో మాట, నాన్నగారు ఎప్పుడైనా టాక్స్ కట్టేసిన డబ్బుని ఐఆర్ఏలో వేసి ఉంటే పాత రిటర్న్‌లలో ఫారం 8606 ఉంటుంది, అది దొరికితే ఆ మేరకు మళ్ళీ టాక్స్ కట్టక్కర్లేదు, కాబట్టి పాత ఫైళ్ళు పారేయకుండా వెతకండి.

లైన్ దొరికింది కదా అని ఇక్కడితో ఆగిపోకండి. మీరడగని ప్రశ్నే నాకు పెద్దదిగా కనిపిస్తోంది, ఆ 40,000 మీద టాక్స్ ట్రస్టు కట్టాలా మీరిద్దరూ కట్టాలా అనేది. ట్రస్టులకి స్లాబులు చాలా ఇరుకు. 2025కి ట్రస్టు ఆదాయం 15,650 డాలర్లు దాటిందంటే 37 శాతం పడిపోతుంది, అదే పెళ్ళికాని మనిషికైతే 6,26,350 దాటాకే ఆ 37. డబ్బంతా ట్రస్టులోనే ఉంచేశారనుకుందాం, ఖర్చులు పక్కన పెడితే 100 డాలర్ల మినహాయింపు పోగా 39,900 మీద లెక్క, టాక్స్ దాదాపు 12,750 అవుతుంది. అదే 36,000 మీరిద్దరూ చెరి 18,000 తీసుకుంటే, ఆ మేరకు ట్రస్టుకి ఇన్‌కమ్ డిస్ట్రిబ్యూషన్ డిడక్షన్ (పంచిన ఆదాయానికి మినహాయింపు) వస్తుంది, షెడ్యూల్ బి మీద లెక్క వేసి లైన్ 18లో చూపిస్తారు. ట్రస్టులో మిగిలేది 3,900, దాని మీద టాక్స్ 495. మీరిద్దరూ 22 శాతం స్లాబులో ఉన్నారనుకుంటే చెరి 3,960. అంతా కలిపినా 8,415. అంటే ఒక్క ఏడాదికే 4,300 పైచిలుకు తేడా, అదీ నాన్నగారు ఎన్నో నైట్ డ్యూటీలు చేసి దాచిన డబ్బులోంచి.

"2025 అయిపోయింది కదండీ, డబ్బు ఇవ్వనేలేదు కదా" అంటారేమో, ఇంకా దారుంది. చట్టంలో 65 రోజుల ఎలక్షన్ అని ఉంది. కొత్త సంవత్సరం మొదటి 65 రోజుల్లో బెనిఫిషరీలకి ఇచ్చిన డబ్బుని పోయిన సంవత్సరమే ఇచ్చినట్టు లెక్క కట్టమని ట్రస్టీ కోరుకోవచ్చు. 2025 రిటర్న్‌కి ఆ గడువు 2026 మార్చి 6. ఆలోపు డబ్బు నిజంగా ట్రస్టు అకౌంట్ నుంచి మీ అకౌంట్లకి వెళ్ళాలి, తర్వాత 1041లో అదర్ ఇన్ఫర్మేషన్ పేజీలో ఆ గడికి టిక్ పెట్టాలి, రిటర్న్ గడువులోపే వేయాలి. ఒకసారి టిక్ పెట్టాక వెనక్కి తీసుకోలేరు. ఫారం 7004తో ఎక్స్‌టెన్షన్ తీసుకుంటే రిటర్న్‌కి ఏప్రిల్ 15 నుంచి సెప్టెంబర్ 30 దాకా టైం దొరుకుతుంది గానీ డబ్బు ఇవ్వడానికి మాత్రం మార్చి 6 మార్చి 6నే. ఒకసారి ఒక అక్కాతమ్ముళ్ళు ఏప్రిల్ రెండో వారంలో నా దగ్గరికొచ్చారు, కాగితాలన్నీ ఇండియన్ స్టోర్ బియ్యం సంచిలో పెట్టుకుని, అన్నీ చక్కగా ఉన్నాయి, ఒక్క డబ్బే ట్రస్టులో ఉండిపోయింది. నేను తేదీ చెప్పగానే ఆ అమ్మాయి ఫోన్లో క్యాలెండర్ తీసి మార్చి నెల వైపు చూస్తూ చాలాసేపు అలాగే ఉండిపోయింది. అందుకే ఈ మాట ఫిబ్రవరి సంచికలోనే రాయాలని పట్టుబట్టాను.

అయితే చెక్కు రాసే ముందు ట్రస్టు డీడ్ చదవండి, ఇది మాత్రం తప్పనిసరి. మన భాషలో ఆదాయం అంటే వచ్చిన డబ్బంతా, ట్రస్టు భాషలో అలా కాదు. చాలా రాష్ట్రాలు తీసుకున్న 1997 నాటి నమూనా చట్టం ప్రకారం ఐఆర్ఏ నుంచి తప్పనిసరిగా తీసిన డబ్బులో 10 శాతమే ఆదాయం, మిగతా 90 శాతం అసలు (ప్రిన్సిపల్). కొత్త చట్టాలు తెచ్చుకున్న రాష్ట్రాల్లో లెక్క వేరు. మీ డీడ్‌లో "ఆదాయం మాత్రమే బెనిఫిషరీలకి ఇవ్వాలి" అని ఉంటే 36,000 మొత్తం ఇచ్చే అధికారం మీకు ఉండకపోవచ్చు, "అసలు కూడా ట్రస్టీ విచక్షణ మేరకు ఇవ్వొచ్చు" అని ఉంటే హాయి. అసలు కింద రాసుకున్నా ఐఆర్ఏ డబ్బు డీఎన్ఐలోకి (ట్రస్టు పంచదగ్గ ఆదాయం లెక్కలోకి) వస్తుంది కాబట్టి, ఇచ్చిన మేరకు టాక్స్ కూడా దాంతో పాటే బెనిఫిషరీకి వెళ్తుంది. ఇది అర్థం కాకపోతే డీడ్ రాసిన లాయర్ని ఒక గంట అడగండి, ఆ ఫీజు దండగ కాదు.

ఇచ్చాక మీ ఇద్దరికీ చెరొక కే-1, అంటే ఎవరి వాటా ఆదాయం ఎంతో చూపే ఫారం, తయారవుతుంది. ఐఆర్ఏ భాగం అందులో బాక్స్ 5లో వస్తుంది. మీ 1040లో దాన్ని ఐఆర్ఏ గడిలో వేయకండి, షెడ్యూల్ ఇ రెండో పేజీలో లైన్ 33లో వేయాలి. ఇక్కడొక చిక్కుంది, బాక్స్ 5 చూడగానే కొన్ని సాఫ్ట్‌వేర్లు ఇది పెట్టుబడి ఆదాయం అనుకుని 3.8 శాతం నెట్ ఇన్వెస్ట్‌మెంట్ టాక్స్ కలిపేస్తాయి. ఐఆర్ఏ డబ్బుకి ఆ టాక్స్ లేదు. కే-1లో బాక్స్ 14లో కోడ్ హెచ్ కింద సవరణ రాయించండి, మీవైపు ఆ టాక్స్ లెక్క వేసే ఫారం 8960 కూడా ఒకసారి చూసుకోండి.

పట్టుకున్న 4,000 గురించి చెల్లి అడుగుతుంది, "నా వాటా 2,000 నా రిటర్న్‌లో వేసుకోనా" అని. కుదరదు. బ్యాకప్ విత్‌హోల్డింగ్ (టాక్స్ నంబర్ సరిగా ఇవ్వనప్పుడు పట్టేది లాంటిది) అయితే తప్ప ఇలా పట్టుకున్న టాక్స్ బెనిఫిషరీలకి బదిలీ కాదు, ట్రస్టు రిటర్న్‌లోనే క్రెడిట్ తీసుకోవాలి. పై లెక్కలో 495 పోను 3,505 ట్రస్టుకి రిఫండ్ వస్తుంది. వచ్చేసారి డబ్బు తీసేటప్పుడు ఫారం డబ్ల్యూ-4ఆర్ మీద సున్నా శాతం అని రాసిస్తే మొత్తం ట్రస్టుకొస్తుంది, మొత్తం పంచేయొచ్చు, కాకపోతే మీరిద్దరూ ఎవరి ఎస్టిమేటెడ్ టాక్స్ వాళ్ళు కట్టుకోవాలి.

వాటాలో మనవళ్ళు కూడా ఉన్న ఇళ్ళవాళ్ళకి ఒక మాట. కాలేజీలో చదివే పిల్లకి 10, 12 శాతమే కదా అని దానికి ఎక్కువ ఇచ్చేస్తుంటారు. 24 లోపు ఫుల్‌టైం స్టూడెంట్ అయితే చాలావరకు కిడ్డీ టాక్స్ వస్తుంది, 2025లో 2,700 దాటిన ఇలాంటి ఆదాయానికి అమ్మానాన్నల రేటే వర్తిస్తుంది.

చివరిగా పదేళ్ళ రూలు. నాన్నగారు ఆర్ఎండీలు (ఐఆర్ఏ నుంచి ఏటా తప్పనిసరిగా తీయాల్సిన కనీస మొత్తాలు) మొదలవ్వాల్సిన తేదీ దాటాక పోయారు కాబట్టి ట్రస్టు 2025 నుంచి ఏటా కొంత తీయాలి, 2034 డిసెంబర్ 31కి ఐఆర్ఏ మొత్తం ఖాళీ కావాలి. ట్రస్టు సీ-త్రూ షరతులకి (ట్రస్టుని దాటి చూసి వెనకున్న బెనిఫిషరీల్నే లెక్కలోకి తీసుకునే షరతులు) సరిపోతేనే ఈ లెక్క, అదీ లాయర్ని అడిగి ఖాయం చేసుకోండి. 2024 ఆర్ఎండీ నాన్నగారు తీశారో లేదో కూడా కంపెనీని అడగండి, ఆయన తీయకుండా పోయి ఉంటే అది ట్రస్టే తీయాలి. తీయాల్సింది తీయకపోతే 25 శాతం పెనాల్టీ, త్వరగా సరిదిద్దుకుంటే 10. కనీసం తీసుకుంటూ చివరి ఏడాదికి కొండలా పెట్టుకోకండి, ఏటా మీ ఇద్దరి స్లాబులు చూసుకుని పంచుకుంటూ పోండి.

ప్రశ్న: న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉంటాం, మాకిద్దరికీ అరవై దాటాయి. లివింగ్ ట్రస్టు రాయించుకున్నాం, ఇల్లు ట్రస్టు పేరుకి మార్చాం. ఐఆర్ఏలు కూడా ఇప్పుడే ట్రస్టు పేరుకి మార్చేస్తే పిల్లలకి తేలికవుతుందా?

జవాబు: వద్దండి, దయచేసి వద్దు. ఐఆర్ఏ మనిషి పేరు మీదే ఉండాలి. ట్రస్టు పేరుకి మారిస్తే మొత్తం డబ్బు ఆ ఏడాదే తీసేసినట్టు లెక్కవుతుంది, అంతటికీ టాక్స్ పడుతుంది. మార్చాల్సింది బెనిఫిషరీ ఫారం మాత్రమే. అందులో కూడా మొదటి పేరు ఒకరికొకరు రాసుకోండి, భార్యకో భర్తకో నేరుగా వస్తే తమ సొంత ఐఆర్ఏలోకి మార్చుకునే వీలుంటుంది, మధ్యలో ట్రస్టు ఉంటే ఆ సౌకర్యం మామూలుగా పోతుంది. ట్రస్టు పేరు రెండో స్థానంలో ఉంచాలా అన్నది పిల్లల్ని బట్టి, వాళ్ళు చిన్నవాళ్ళైనా డబ్బు నిలుపుకోలేని పరిస్థితి ఉన్నా ఉంచండి, లేకపోతే నేరుగా పిల్లల పేర్లే రాయడం నాకు నచ్చుతుంది.

ప్రశ్న: నేను కూకట్‌పల్లిలో ఉంటాను, ఇండియన్ సిటిజన్‌ని. అమెరికాలో మా అన్నయ్య పోయాక ఆయన ట్రస్టు నుంచి నాకు కొంత డబ్బు వచ్చింది, అందులో 30 శాతం పట్టుకున్నారు. అది న్యాయమేనా? ఇంకోటి, మా మేనల్లుడు నన్ను కో-ట్రస్టీగా ఉండమంటున్నాడు, ఉండొచ్చా అండి?

జవాబు: పట్టుకోవడం రూలేనమ్మా. అమెరికాలో లేని, అక్కడి సిటిజన్ కాని బెనిఫిషరీకి టాక్స్ పడే ఆదాయం ఇస్తే మామూలుగా 30 శాతం పట్టి ఐఆర్ఎస్‌కి కట్టాలి, లేకపోతే ఆ బాకీ ట్రస్టీ మెడకి చుట్టుకుంటుంది. మీకు కే-1తో పాటు ఫారం 1042-ఎస్ రావాలి, రాకపోతే అడిగి తెప్పించుకోండి. అందులో ఏ ఆదాయానికి ఎంత పట్టారో కోడ్‌తో సహా ఉంటుంది. బ్యాంకు డిపాజిట్ వడ్డీకి నాన్‌రెసిడెంట్లకి మామూలుగా ఈ 30 ఉండదు, దానికీ పట్టి ఉంటే నాన్‌రెసిడెంట్ల రిటర్న్ 1040-ఎన్ఆర్ వేసి వెనక్కి అడగొచ్చు, అందుకు ఐటిన్ అనే అమెరికా టాక్స్ నంబర్ తీసుకోవాలి. మీరు విదేశీయులని తెలిపే ఫారం డబ్ల్యూ-8బెన్ నింపి ట్రస్టీకి ముందే ఇచ్చి ఉంచండి. మన వైపు, మీరు ఇండియాలో రెసిడెంట్ కాబట్టి ఆ ట్రస్టులో మీ వాటాని ఇండియా రిటర్న్‌లో షెడ్యూల్ ఎఫ్ఏలో (విదేశీ ఆస్తుల పట్టిక) చూపించండి, అమెరికాలో కట్టినదానికి క్రెడిట్ కావాలంటే ఫారం 67 వేయండి.

కో-ట్రస్టీగా మాత్రం సంతకం పెట్టకండి. ట్రస్టు ముఖ్య నిర్ణయాలన్నీ అమెరికా వ్యక్తుల చేతిలో ఉంటేనే అది అమెరికా ట్రస్టు. ఏ ఒక్క ముఖ్య నిర్ణయం మీద మీకు పట్టు వచ్చినా అది ఫారిన్ ట్రస్టు అయిపోతుంది, ఇక పిల్లాడికి వేరే ఫారాలు, పెద్ద పెనాల్టీలు. అత్తయ్య మీద ప్రేమతో, నమ్మకంతో అడిగాడు, అది నాకు తెలుస్తోంది. సలహా ఇవ్వడానికి ఏ అడ్డూ లేదు, వారానికోసారి ఫోన్లో మాట్లాడండి, సంతకం వాడినే పెట్టనివ్వండి.