పిల్స్నర్ రుచి చూడబోతున్న కిరణ్‌కి

చిరంజీవి కిరణ్‌కి,

మీ ఫ్రెండ్ హైదరాబాద్‌లో సొంతంగా బీరు కాచే తన మైక్రోబ్రూవరీలో మొదటిసారి పిల్స్నర్ అనే రకం బీరు చేశాడనీ, రుచి చూసి ఉన్నదున్నట్టు చెప్పమన్నాడనీ రాశావు. చాలా సంతోషం. అతను కష్టమైనదాన్నే ఎంచుకున్నాడు. గోధుమ బీరులో అరటిపండు, లవంగం వాసనల చాటున చిన్న లోపాలు దాక్కుంటాయి. పిల్స్నర్‌లో ఆ చాటు ఉండదు.

ముందు అది చెక్ పద్ధతిదా, జర్మన్ పద్ధతిదా అని అడుగు. 1842లో బొహీమియాలోని (ఇప్పటి చెక్ దేశంలోని ప్రాంతం) పిల్సెన్ ఊళ్లో, జర్మనీలోని బవేరియా నుంచి వచ్చిన జోసెఫ్ గ్రోల్ చేసిన బీరుతో ఈ రకం మొదలైంది. చెక్ రకంలో మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) నిండుగా, రొట్టె వాసనతో ఉంటుంది, లీలగా వెన్న వాసన ఉన్నా తప్పు పట్టరు. జర్మన్ రకం ఇంకా తేలిక, తీపి మిగలకుండా డ్రైగా ముగుస్తుంది, అందులో వెన్న వాసన వస్తే లోపమే. ఇది తెలుసుకోకుండా తీర్పు చెప్పడం అన్యాయం.

ఐసు పట్టిన మగ్గులో ఇస్తే వద్దను. మరీ చల్లగా ఉంటే వాసనలు పైకి రావు. ఆరు నుంచి ఎనిమిది డిగ్రీలు చాలు. గ్లాసు లోపలి గోడకు బుడగలు అంటుకుని ఉంటే అది సరిగ్గా కడగలేదని అర్థం, ఇంకోటి అడుగు. జిడ్డు గ్లాసులో నురగ నిలవదు, ఆ తప్పు బీరు మీదకు పోతుంది.

నురగ ఉండగానే వాసన చూడు. బీరుకు చేదూ వాసనా ఇచ్చే పూలను హాప్స్ అంటారు. మంచి హాప్స్ అయితే పూలు, పచ్చి మూలికల వాసన వస్తుంది. ఉడకబెట్టిన మొక్కజొన్న పొత్తు వాసన గట్టిగా వస్తే మరిగించడం సరిపోలేదేమో అనుకో. పచ్చి ఆపిల్ వాసన వస్తే తొందరపడి ట్యాంకులోంచి తీసి ఉంటాడు. వంటగ్యాస్ లీకైనట్టు కంపు కొడితే బీరుకు వెలుతురు తగిలింది. తడిసిన అట్టపెట్టె వాసనంటే గాలి తగిలి పాతబడింది.

అసలు పరీక్ష చేదు దగ్గరే. మింగాకే దాన్ని కొలవాలి, ఉమ్మేస్తే పూర్తిగా తెలియదు. మంచి పిల్స్నర్‌లో చేదు స్పష్టంగా వస్తుంది, కాసేపు ఉంటుంది, శుభ్రంగా దిగిపోతుంది. నాలుక వెనక గీరినట్టు మిగిలిపోతే నీళ్ల గురించి అడుగు. పిల్సెన్ నీళ్లలో లవణాలు చాలా తక్కువ, అందుకే అక్కడ అంత హాప్స్ వేసినా చేదు మెత్తగా ఉంటుంది. మన బోరు నీళ్లు అలాంటివి కావు, వాటిని శుద్ధి చేసి వాడాడో లేదో కనుక్కో. ట్యాంకులో ఎన్ని వారాలు ఉంచాడో కూడా అడుగు. పిల్స్నర్ లాగర్ జాతి బీరు, దానికి చలిలో వారాల తరబడి విశ్రాంతి కావాలి. ట్యాంకు ఖాళీ చేయాలన్న టెన్షన్‌లో చాలామంది అక్కడే తొందరపడతారు.

మొదటి గుక్కతో ఏమీ తేల్చకు. సగం గ్లాసు అయ్యాక, బీరు కాస్త వెచ్చబడ్డాక మళ్లీ వాసన చూడు. చల్లదనంలో దాగినవన్నీ అప్పుడు బయటపడతాయి. ఇంకో గుక్క తాగాలని దానంతటదే అనిపిస్తే అతను గెలిచినట్టే.

అతనికి చెప్పేటప్పుడు "బాగాలేదు" అనకు. ఏ వాసన వచ్చిందో, ఎక్కడ తగిలిందో చెప్పు, అతనికి పనికొచ్చేది అదే. ముందే కారం తిని వెళ్లకు, సెంటు రాసుకోకు. తిరిగొచ్చేటప్పుడు బండి మాత్రం నువ్వు నడపొద్దు.

మీ బాబాయి