గాడి కనిపించాక ఫోన్ జేబులో పెట్టు

అమ్మలూ,

మే నెలాఖరు సెలవులకి బాబుని తీసుకుని పాతకాలం వలసబళ్ల దారి ఒరెగాన్ ట్రైల్ వెంట జియోకాషింగ్‌కి, అదే ఫోన్‌లో జీపీఎస్ చూసుకుంటూ ఎవరో దాచిన డబ్బాలు వెతికే ఆటకి, వెళ్తున్నామని నువ్వు ఫోన్‌లో చెప్పినప్పటి నుంచీ నా మనసు అక్కడే ఉంది. ఏళ్ల తరబడి నేనూ మీ పెదనాన్నా తిరిగిన దారి అది.

మొత్తం చూసేద్దామని మాత్రం అనుకోకు. మిస్సోరీలో ఇండిపెండెన్స్ నుంచి ఒరెగాన్ సిటీ దాకా రెండు వేల మైళ్ల పైచిలుకు, బళ్ల మీద నెలల ప్రయాణం. మీరు డెన్వర్ నుంచి నేరుగా వయోమింగ్‌లోని గెర్న్‌సీకి వెళ్లండి. అక్కడి నుంచి ఫోర్ట్ లారమీ మీదుగా నెబ్రాస్కాలోని స్కాట్స్‌బ్లఫ్‌కి వచ్చి ఆగిపోండి. రెండు రోజులకి అంతే చాలు.

గెర్న్‌సీలో బాగా టైమ్ పెట్టుకో. నార్త్ ప్లాట్ నది ఒడ్డున బండి నడిచే వీలు లేక, వలస వెళ్లేవాళ్లు దాదాపు అంతా ఆ ఒక్క గుట్ట మీదుగానే ఎక్కారు. మెత్తటి ఇసుకరాయి అది. చక్రాలు, గిట్టలు, నడిచేవాళ్ల కాళ్లు కలిసి కొన్నిచోట్ల ఐదడుగుల లోతున కోసేశాయి. అందులోకి దిగి నిలబడితే గట్టు నా భుజాల దాకా వచ్చింది. ఆ బళ్లలో ఎక్కువ వాటిని లాగింది గుర్రాలు కాదమ్మా, ఎద్దులే. మా నాన్న నల్లరేగడిలో బండి తోలేవాడు. వానల్లో పడిన గాడి ఎండలకి రాయిలా బిగిసిపోయేది, తర్వాత ఎవరు తోలినా చక్రం వెళ్లి అందులోనే పడేది. అది చూస్తూ పెరిగినదాన్ని కాబట్టి ఇంత రాతిలో గాడి పడాలంటే ఎన్ని బళ్లు పోయుండాలోనని అక్కడే కూర్చుండిపోయాను. బాబు ఫోన్‌లో బాణం గుర్తు చూసుకుంటూ దాని మీదుగా పరిగెత్తి వెళ్లిపోతాడేమోనని నా భయం. గాడి కనిపించాక ఫోన్ జేబులో పెట్టించు.

ఇంకో సంగతి. మా మొదటి ఏడాది ఒక రాళ్ల గుట్ట దగ్గర డబ్బా దొరక్క అరగంట పైగా వెతికాను. ఒక్క రాయి వదలకుండా తిరగేశాను. చివరికి అది పది అడుగుల అవతల కంచె గుంజకి వేలాడుతోంది. సంబరంగా డబ్బాలోని లాగ్ కాగితం మీద సంతకం పెట్టి తిరిగి చూస్తే, అటుగా వచ్చిన ఒక పెద్దాయన నేను తిరగేసిన రాళ్లని ఒక్కొక్కటే మళ్లీ ఉన్నచోట పెడుతున్నాడు. నన్నొక్క మాట అనలేదు. సిగ్గుతో నేనూ వెళ్లి పక్కన కూర్చుని సర్దాను. ఇప్పుడు నేను ముందు నిలబడి పది నిమిషాలు కళ్లతోనే వెతుకుతాను, ఆ తర్వాతే చెయ్యి పెడతాను. ఫోన్ చూపించే చోటు పది పదిహేను అడుగులు అటూ ఇటూ ఉంటుంది, దాన్ని మరీ నమ్మకు.

తవ్వాల్సిన పని ఎప్పుడూ రాదు. 2000 మే 2న జీపీఎస్ సిగ్నల్‌లో చోటు సరిగ్గా చూపకుండా కావాలని పెట్టిన తేడాని అమెరికా ప్రభుత్వం తీసేసింది. మర్నాడే డేవ్ ఉల్మర్ అనే ఆయన ఈ ఆటకి మొట్టమొదటి డబ్బాగా ఒక బకెట్ దాచాడు. ఎక్కడో తెలుసా? ఒరెగాన్‌లో బీవర్‌క్రీక్ దగ్గర, అంటే ఈ బళ్ల దారి ముగిసే ఊరికి పక్కనే! ఆ బకెట్‌ని సగం పూడ్చి పెట్టాడు గానీ, ఇప్పుడు మామూలుగా పూడ్చనివ్వరు. కాబట్టి నీ చెయ్యి మట్టిలోకో, వలసవాళ్లు పేర్లు చెక్కిన రాతి సందులోకో, సమాధి దగ్గరికో పోతోందంటే నువ్వు తప్పు చోట వెతుకుతున్నావని అర్థం.

ఫోర్ట్ లారమీ, స్కాట్స్ బ్లఫ్ మాన్యుమెంట్ నేషనల్ పార్క్ సర్వీస్ వాళ్లవి. అలాంటి చోట్ల మామూలుగా డబ్బాలు పెట్టనివ్వరు. డబ్బా లేని వర్చువల్, ఎర్త్‌కాష్ లాంటివి చూసుకో. ఎర్త్‌కాష్‌లో అయితే అక్కడి రాయిని చూసి ప్రశ్నలకి జవాబు రాయాలి. పాత మేకు దొరికినా, ఇనుప ముక్క దొరికినా జేబులో వేసుకోనివ్వకు. ఫెడరల్ భూముల్లో వందేళ్లు దాటినవి తీయడం నేరం కూడా.

పెన్ కాదు, పెన్సిల్ పట్టుకెళ్లు. చెమ్మగిల్లిన కాగితం మీద అదే రాస్తుంది. డబ్బాలోంచి బొమ్మ తీసుకుంటే అంత విలువైనదో, ఇంకా మంచిదో పెట్టించు, తినేవి వద్దు. మూత నాలుగు వైపులా బిగిసిందో లేదో వేలితో తడిమి చూడు. సిగ్నల్ ఉండదు, వివరాలన్నీ ఇంటి దగ్గరే డౌన్‌లోడ్ చేసుకో. రాటిల్‌స్నేక్‌లు ఉంటాయి, ముందు కర్ర పెట్టాకే చెయ్యి పెట్టాలి.

స్కాట్స్‌బ్లఫ్ ఊరి అంచున రైలు పట్టాల పక్కన రెబెకా వింటర్స్ సమాధి ఉంది. ఈ దారిన వలస వెళ్తూ 1852 ఆగస్టులో కలరాతో పోయింది. గుర్తుగా బండి చక్రం ఇనుప పట్టాని వంచి నాటి, దాని మీద పేరూ వయసూ చెక్కారు. 1995లో ఆ సమాధిని రైలు పట్టాలకి కాస్త దూరంగా జరిపారు. అక్కడ ఏమీ వెతకొద్దు. ఆ పట్టా మీది అక్షరాలు బాబు చేత పైకి చదివించి, ఆవిడకి ఎన్నేళ్లో రాత్రికి నాకు ఫోన్ చేసి చెప్పమను.

ప్రేమతో,
పెద్దమ్మ