ఇంజిన్ ఇంకా దిగలేదు కదా, అక్కడే ఆగండి

ప్రశ్న: మాది కర్నూలు జిల్లా. బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాను. మా నాన్న ముప్ఫై ఏళ్లు లారీ నడిపి కాలం చేశారు. ఆయన అశోక్ లేలాండ్ లారీ తుక్కుకు పోయినా, ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజిన్ మాత్రం దాచుకున్నాం. దాన్ని తాతగారి 1972 పెట్రోల్ అంబాసిడర్‌లో పెట్టి హాట్ రాడ్ (పెద్ద ఇంజిన్‌తో మార్చిన పాత కారు) చేయించాలని కోరిక. 2024 ఆగస్టులో ఒక గ్యారేజీకి మూడు విడతలుగా 2.8 లక్షలు ఫోన్‌పేలో పంపాను. 2025 జనవరికి బండి ఇస్తామన్నారు. పని మొదలే కాలేదు. ఇప్పుడు ఇంకో లక్ష అడుగుతూ, ‘కారు పాత ఇంజిన్ నంబరే ఈ ఇంజిన్ మీద కొట్టించి ఇస్తాం, ఆర్టీవో టెన్షన్ ఉండదు’ అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: మీరు రాసినదాంట్లో మిమ్మల్ని కాపాడే మాట ఒక్కటే: ‘పని మొదలే కాలేదు’.

తయారీదారు ఇచ్చిన వివరాలు ఆర్సీలో ఉంటాయి. వాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే ఖాయం చేసింది. సీఎన్‌జీ, బ్యాటరీ వంటి కిట్లకు దారి ఉంది కానీ, కారులో లారీ ఇంజిన్ దించడం ఆ దారిలోకి రాదు. దించితే 182ఎ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. మా పొలంలోనే నడుపుకుంటానని అనుకోవద్దు. రిజిస్ట్రేషన్ లేని బండిని ‘బహిరంగ స్థలంలోనే కాదు, మరెక్కడా’ నడపకూడదని 39వ సెక్షన్ అంటోంది.

నంబరు కొట్టించడానికి మాత్రం ససేమిరా ఒప్పుకోకండి. అది ఫోర్జరీ. ఇప్పటిదాకా మీరు మోసపోయిన మనిషి. ‘సరే’ అని ఒక్క వాట్సాప్ మెసేజ్ పెట్టారా, ముద్దాయి అవుతారు.

బిల్లు లేకుండా, చేయాల్సిన పని రాసిచ్చే గ్యారేజీ జాబ్ కార్డు లేకుండా అంత డబ్బు ఎలా పంపారండీ? చదువుకున్నవాళ్లే ఇలా చేస్తే ఎలా? ఇక మిగిలిన సాక్ష్యం ఫోన్‌పే వివరాలు, చాటింగే. ఫోన్ మార్చేలోపు అన్నీ బ్యాంకు స్టేట్‌మెంటుతో కలిపి భద్రం చేయండి. ఆర్టీవో అనుమతి మేమే తెస్తామని వాళ్లు ముందే రాసి ఉంటే, ఆ మెసేజే మీ కేసుకు ప్రాణం. చట్టవిరుద్ధమని తెలిసే పని చేయించుకున్నారని వాళ్లు వాదిస్తారు. తెలియక ఇచ్చానని ఆ మెసేజ్ ఉంటేనే మీరు చూపగలరు. చెల్లని ఒప్పందమని తర్వాత తేలితే తీసుకున్నది తిరిగి ఇవ్వాలని కాంట్రాక్టు చట్టం 65వ సెక్షన్ చెబుతోంది.

వినియోగదారుల కమిషన్‌లో గడువు రెండేళ్లు. బండి ఇస్తామన్న 2025 జనవరి నుంచి లెక్కపెడితే 2027 జనవరితో అయిపోతుంది. మాటలతో కాలం గడిపితే గడువు ఆగదు. 5 లక్షల లోపు ఫిర్యాదుకు ఫీజు లేదు. మీరు ఉండే చోటి జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు.

ముందు బండిని, ఇంజిన్‌ను ఫొటోలు తీసి ఇంటికి తెచ్చుకోండి. పని జరగలేదు కాబట్టి ఆపుకునే హక్కు వాళ్లకు లేదు. 50 ఏళ్లు దాటిన అంబాసిడర్‌ను మొదటి రూపంలో ఉంచితే వింటేజ్ (పాతకాలపు బండి) రిజిస్ట్రేషన్‌కు 20 వేల ఫీజుతో దరఖాస్తు చేయవచ్చు. లారీ ఇంజిన్ పెడితే ఆ దారీ మూసుకుపోతుంది. నాన్నగారి ఇంజిన్‌ను స్టాండు మీద నిలబెట్టి ఇంట్లోనే ఉంచుకోండి. లారీ ఆర్సీ కాపీ, తుక్కు రసీదు దానితో పాటే దాచండి. డబ్బు వాపసు కోరుతూ 15 రోజుల గడువుతో నోటీసు ఈ వారమే స్పీడ్ పోస్టులో పంపండి.