కొండమీది ఆక్సిజన్ మీటరు గురించి రవికి

చి. రవికి బాబాయి ఆశీస్సులు.

పాడేరు ఆసుపత్రిలో చేరావని, చలికి రెండు స్వెట్టర్లు వేసుకుని తిరుగుతున్నావని అన్నయ్య చెప్పాడు. సంతోషం. నీ ప్రశ్నకు ఫోనులో జవాబు చెబితే సగం గాలికి పోతుందని రాస్తున్నాను. విశాఖలో క్యాలిబ్రేట్ చేయించి, అంటే అంకె సరిచేయించి, తెచ్చిన ఆక్సిజన్ అనలైజర్ (వాయువులో ఆక్సిజన్ ఎంత శాతమో చూపే మీటరు) అక్కడ ఆరుబయట 18.8 చూపిస్తోంది, సెన్సార్ పోయినట్టేనా అని కదా అడిగావు? పోలేదు. కొత్తదాని కోసం రాసిన ఆ ఇండెంట్ కాగితం చించెయ్యి.

మీ దగ్గరున్న సెన్సార్ గాల్వానిక్ సెల్ రకం, చిన్న బ్యాటరీ లాంటిది. తెరమీద శాతం గుర్తు ఉంటుంది గానీ లోపలి సెల్‌కు శాతం సంగతే తెలియదు. ఆక్సిజన్ తన పొర మీద ఎంత ఒత్తిడి పెడుతోందో అందుకు తగిన మిల్లీవోల్టులు పుట్టించడమే దాని పని. పాడేరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. తీరంతో పోలిస్తే గాలి ఒత్తిడి అక్కడ పదో వంతు తక్కువ. గాలిలో ఆక్సిజన్ విశాఖలోనూ పాడేరులోనూ 20.9 శాతమే, అందులో పదో వంతు తీసేసి చూడు, నీ 18.8 వస్తుంది. ఘాట్ ఎక్కాక మళ్లీ క్యాలిబ్రేట్ చేయకపోవడం తప్ప ఇందులో మరే లోపమూ లేదు.

కాబట్టి మీటరును వాడే వార్డులోనే సరిచెయ్యి. చలిలోంచి తెచ్చీ తేగానే కాదు, వార్డు వేడికి అలవాటు పడేదాకా ఓ అరగంట ఆగు. సిలిండర్ ఆక్సిజన్‌ను టీ-పీస్ (సెన్సార్‌ను బిగించే T ఆకారపు గొట్టం) గుండా నిమిషానికి 2 లీటర్ల చొప్పున పంపు. టీ-పీస్ రెండో కొస తెరిచే ఉండాలి. దాన్ని వేలితో మూస్తే లోపల ఒత్తిడి పెరిగి అంకె పైకి పోతుంది. బిగింపు వదులైతే బయటి గాలి కలిసి కిందికి దిగుతుంది. అంకె కదలకుండా నిలిచాక 100కి సెట్ చేసి, తీసి గాలిలో పెట్టు. 20.9 దగ్గరికి వచ్చి ఆగితే సెల్ బాగున్నట్టే. 100కి ఎంత తిప్పినా అందకపోయినా, గాలిలో తిరిగి దిగిరాకపోయినా అప్పుడు అనుమానించు.

సిలిండర్ దూరంగా ఉందని, గది గాలిలోంచి ఆక్సిజన్‌ను వేరుచేసే కాన్సన్‌ట్రేటర్ గొట్టం పెట్టి 100 అనుకోవద్దు. అందులోంచి వచ్చేది 93 శాతం చుట్టుపక్కల ఉంటుంది. దాన్నే 100 అని మీటరుకు నేర్పితే, నిజంగా 40 ఉన్నచోట 43 చెబుతుంది. నవజాత శిశువుల వార్డులో ఇది చిన్న తేడా కాదు. నెలలు నిండని బిడ్డకు ఆక్సిజన్ ఎక్కువైతే రెటీనా దెబ్బతింటుంది, తక్కువైతే ప్రాణం మీదికే వస్తుంది. గాలినీ ఆక్సిజన్‌నూ కావలసిన పాళ్లలో కలిపే బ్లెండర్ డయల్ సరిగా ఉందో లేదో డాక్టరమ్మకు చెప్పగలిగేది నీ మీటరు ఒక్కటే.

ఇక తేమ. కుర్రవాళ్లు తికమక పడేది ఎక్కువగా ఇక్కడే. 37 డిగ్రీల దగ్గర తేమతో నిండిన వాయువులో నీటి ఆవిరి ఒత్తిడి పాదరస మట్టంలో 47 మిల్లీమీటర్లు. ఆ మేరకు ఆక్సిజన్‌కు చోటు తగ్గుతుంది. అందుకే వాయువుకు తేమ పట్టించే హ్యుమిడిఫయర్ దాటాక కొలిస్తే స్వచ్ఛమైన ఆక్సిజన్ కూడా విశాఖలో 94 దగ్గర, మీ కొండమీద 93 దగ్గర ఆగిపోతుంది. బ్లెండర్‌ను తిట్టకు. బ్లెండర్‌కూ హ్యుమిడిఫయర్‌కూ మధ్య, పొడి వాయువు ఉన్నచోట టీ-పీస్ పెట్టు. సెన్సార్ ముఖం కిందికి ఉండాలి. పొర మీద ఒక్క నీటిబొట్టు నిలిచినా రీడింగును నమ్మడానికి లేదు. బిడ్డ ఊపిరితిత్తులు ముడుచుకోకుండా సీప్యాప్ యంత్రం పెట్టే ఒత్తిడి గురించి మాత్రం బెంగపడకు. 5 సెంటీమీటర్ల నీటి ఒత్తిడికి రీడింగులో వచ్చే మార్పు నూటికి అర వంతు.

2021లో వచ్చిపడ్డ కాన్సన్‌ట్రేటర్లు మీ స్టోరులోనూ ఉండే ఉంటాయి. వాటిని చూసేటప్పుడు ఆన్ చేసి పావుగంట ఆగి, పూర్తి ఫ్లో పెట్టి కొలువు. తక్కువ ఫ్లోలో నాసిరకం యంత్రం కూడా మంచి అంకె చూపిస్తుంది. 90 నుంచి 96 మధ్య వస్తే సరే. 82 కంటే తగ్గితే రోగి దగ్గరికి పోనివ్వకు. వీటికోసమే అల్ట్రాసోనిక్ మీటర్లు కొన్ని ఉంటాయి. మిగతా వాయువు ఏమిటో ముందే ఊహించుకుని, శబ్ద వేగాన్ని బట్టి అవి లెక్కకడతాయి. వాటిని బ్లెండర్ దగ్గరికి తీసుకుపోవద్దు.

సెల్ ఆయుష్షు ప్యాకెట్ చించిన రోజు నుంచే కరుగుతుంది, వాడినా వాడకపోయినా. ఎక్కువ ఆక్సిజన్‌లో ఉంచితే ఇంకా త్వరగా అయిపోతుంది, అందుకని పని కాగానే సర్క్యూట్ లోంచి తీసెయ్యి. తెరిచిన తేదీ దానిమీదే స్కెచ్ పెన్నుతో రాసిపెట్టు. స్టోరువాళ్లు చవకగా వస్తున్నాయని నాలుగైదు తెప్పిస్తామంటే ఒప్పుకోకు, ఒకటి చాలు. పాత సెల్‌లో సీసం, ఘాటైన క్షారం ఉంటాయి. కారినట్టు కనిపిస్తే చేతులకు గ్లౌజులు వేసుకునే ముట్టుకో, మామూలు చెత్తబుట్టలో మాత్రం వేయకు.

మీ బాబాయి